కోళ్ల లిట్టర్ కంపోస్టు: ఇండోర్ పద్ధతి రూపొందించిన ఆల్బర్ట్ హోవార్డ్ జీవితం, మన షెడ్లకు ఉపయోగం

బ్రాయిలర్ బ్యాచ్ ఎత్తేశాక షెడ్డులో మిగిలేది లిట్టర్. వరి ఊక, రెట్ట, రాలిన ఈకలు, ఒలికిన దాణా కలిసిన ఈ ఎరువును చాలామంది రైతులు ట్రాక్టరుకు ఎత్తి నేరుగా చేలో చల్లేస్తారు. వీలు కాకపోతే షెడ్డు పక్కనే కుప్ప పోసి, కొనేవాళ్లు వచ్చేదాకా వదిలేస్తారు. పశువుల ఎరువు కన్నా దీనిలో నత్రజని, భాస్వరం ఎక్కువ కాబట్టి పైరు పచ్చబడే మాట నిజమే. కానీ పచ్చి లిట్టర్‌లో సాల్మొనెల్లా, ఇ.కోలై వంటి బ్యాక్టీరియా, రక్తపారుడు కలిగించే కాక్సీడియా గుడ్లు ఉంటాయి. ఆ బ్యాచ్‌లో జబ్బు వచ్చి ఉంటే కొక్కెర, గంబోరో వ్యాధుల వైరస్‌లు కూడా ఉండవచ్చు. కుప్ప మీద వాలే ఈగలు, దానిలో పెరిగే నల్ల పెంకు పురుగులు, ఎలుకలు, కుక్కలు, మన చెప్పులు, ట్రాక్టరు టైర్లు వీటిని తర్వాతి బ్యాచ్‌కు, పక్క రైతు షెడ్డుకు చేరవేస్తాయి.

తక్కువ ఖర్చుతో దీన్ని అడ్డుకునే మార్గం లిట్టర్‌ను బాగా వేడెక్కేలా కంపోస్టు చేయడం. కుప్ప పోసి వదిలేస్తే అదే కంపోస్టు అవుతుందని చాలామంది అనుకుంటారు. అలా కాదని సుమారు వందేళ్ల క్రితమే మన దేశంలో, ఇండోర్‌లో గుంటలు తవ్వించి, కుప్పలు తిప్పించి, లోపలి వేడిని కొలిపించి చూపించిన వ్యవసాయ శాస్త్రవేత్త సర్ ఆల్బర్ట్ హోవార్డ్. ఆయన జీవితం తెలిస్తే ఈ పద్ధతిలో ఏది వదలకూడదో, ఏది మన కోళ్లకు పనికిరాదో కూడా తెలుస్తుంది.

సెంటు భూమి లేని వ్యవసాయ శాస్త్రవేత్త

హోవార్డ్ 1873 డిసెంబర్ 8న ఇంగ్లండులోని ష్రాప్‌షైర్ ప్రాంతం, బిషప్స్ కాజిల్‌లో రైతు కుటుంబంలో పుట్టారు. లండన్, కేంబ్రిడ్జిలలో చదువుకున్నారు. 1899లో వెస్టిండీస్ దీవులకు వెళ్లి బార్బడోస్‌లో శిలీంద్ర శాస్త్రవేత్తగా చేరారు. చెరకు, కోకో పంటల తెగుళ్లను సూక్ష్మదర్శిని కింద చూడటం, రైతులకు సలహాలివ్వడం ఆయన ఉద్యోగం. అయితే సాగు చేసి చూడటానికి ఆయన చేతిలో సెంటు భూమి కూడా లేదు. తాను పొలంలో చేసి చూడని సలహాను రైతుకు ఎలా ఇవ్వాలన్న ఇబ్బంది ఆయనకు అక్కడే మొదలైంది. ఆ తర్వాత ఇంగ్లండులోని వై వ్యవసాయ కళాశాలలో రెండు మూడేళ్లు హాప్స్ తీగ మీద పనిచేశారు. అక్కడ రైతుల తోటల్లోకి వెళ్లి చూడటం అలవాటైంది.

1905లో ఆయన మన దేశానికి వచ్చారు. బీహార్‌లోని పూసాలో అప్పుడే వ్యవసాయ పరిశోధన సంస్థ మొదలైంది. 1934 భూకంపం తర్వాత ఢిల్లీకి తరలిన ఆ సంస్థనే నేటికీ పూసా అని పిలుస్తున్నాం. అక్కడ ఆయన ఆర్థిక వృక్షశాస్త్రవేత్త. అదే ఏడాది గాబ్రియెల్ మాథాయ్‌ను పెళ్లాడారు. ఆమె కూడా వృక్ష శాస్త్రవేత్తే. ఆ తర్వాత పాతికేళ్లు ఇద్దరూ కలిసే పనిచేశారు. పూసా 4, పూసా 12 గోధుమ రకాలు ఈ దంపతుల కృషి ఫలితమే. హోవార్డ్ పేరు చెప్పేటప్పుడు ఆమె పేరు వదిలేయడం చాలా వ్యాసాల్లో కనిపిస్తుంది. అది సరికాదు.

పూసాలో ఆయనకు 75 ఎకరాల భూమి దొరికింది. ఇక్కడ ఆయన ఒక విచిత్రమైన నిర్ణయం తీసుకున్నారు. చుట్టుపక్కల రైతులను, పంట మీద పడే చీడపీడలను తన గురువులుగా పెట్టుకున్నారు. తెగులు వచ్చిన మొక్కకు మందు కొట్టే ముందు అక్కడ నేల ఎలా ఉంది, నీరు నిలుస్తోందా, వేర్లకు గాలి అందుతోందా అని చూశారు. నేల సత్తువ పెరిగేకొద్దీ తెగుళ్ల బెడద తగ్గుతోందని ఆయనకు నమ్మకం కుదిరింది.

ఎద్దుల కథ, దానిలో జాగ్రత్త పడాల్సిన భాగం

పంటల్లో చూసింది పశువుల్లోనూ నిజమవుతుందా అని ఆయనకు సందేహం వచ్చింది. అధికారులను ఒప్పించి సొంతంగా కొన్ని జతల ఎద్దులను తెచ్చుకున్నారు. పచ్చిమేత, పాతర గడ్డి, గింజలు అన్నీ తన పొలంలో పండించినవే వాటికి పెట్టారు. టీకాలు వేయించలేదు. గాలికుంటు వ్యాధి ఉన్న పక్క పొలం పశువులతో కంచె దగ్గర మూతులు రాసుకున్నా తన ఎద్దులకు జబ్బు రాలేదని ఆయన తర్వాత రాశారు. సారవంతమైన నేలలో పండిన మేత తింటే వ్యాధి అంటదన్న సిద్ధాంతానికి ఆయన ఈ అనుభవాన్నే ఆధారం చేసుకున్నారు.

ఈ కథను నేటికీ సేంద్రియ వ్యవసాయ సభల్లో చెబుతుంటారు. రైతులు దీన్ని యథాతథంగా తీసుకోకూడదు. కొన్ని ఎద్దుల మీద చూసినది, పోల్చి చూడటానికి రెండో మంద లేకుండా చూసినది, టీకా అక్కర్లేదనడానికి రుజువు కాదు. మంచి మేత తిన్న పశువు జబ్బును మెరుగ్గా తట్టుకుంటుంది, అంతవరకు సరే. కానీ గాలికుంటు వైరస్ ఆరోగ్యంగా ఉన్న పశువుకూ సోకుతుంది. కోళ్ల విషయంలో ఇది ఇంకా స్పష్టం. వేల కోళ్లు ఒకే కప్పు కింద ఉన్నప్పుడు కొక్కెర వ్యాధి టీకా మానేసి నేల సత్తువ మీద ఆధారపడే రైతు బ్యాచ్ మొత్తం పోగొట్టుకుంటాడు. హోవార్డ్ దగ్గర నేర్చుకోవాల్సింది వ్యాధి సిద్ధాంతం కాదు, కుప్ప వేసే పద్ధతి. ఆయన కొలిచి, లెక్క కట్టి, పదే పదే చేసి చూసింది దాన్నే.

ఇండోర్‌లో ఏడేళ్లు

పూసాలో ఆయనకు నచ్చనిది ఒకటుంది. వృక్షశాస్త్రం ఒక గదిలో, రసాయన శాస్త్రం ఇంకో గదిలో, కీటక శాస్త్రం మరో గదిలో. పంట మాత్రం పొలంలో ఒకటే. అందుకే అన్నీ ఒకే చోట చూసే సంస్థ కావాలని ప్రయత్నించి, 1924లో ఇండోర్‌లో కొత్త పరిశోధన సంస్థను మొదలుపెట్టారు. హోల్కర్ సంస్థానం సుమారు 300 ఎకరాలు ఇచ్చింది. పత్తి రంగానికి చెందిన కేంద్ర కమిటీ, మధ్య భారత సంస్థానాలు నిధులు సమకూర్చాయి.

అక్కడి నల్లరేగడిలో పత్తి పండించే రైతు దగ్గర ఎరువు లేదు. పేడలో ఎక్కువ భాగం పిడకలై పొయ్యిలోకి పోయేది. పత్తి కట్టె, కంది కట్టె, ఎండు ఆకులు, కలుపు మొక్కలు వృథాగా పోయేవి లేదా తగలబడేవి. చైనా రైతులు తరతరాలుగా చెత్తను ఎరువుగా మార్చుకుంటున్న తీరు గురించి ఆయన చదివి ఉన్నారు. ఉన్న కొద్దిపాటి పేడతోనే మూడు నాలుగు రెట్ల చెత్తను కుళ్లబెట్టగలమా అన్న ప్రశ్నతో మొదలై, రసాయన శాస్త్రవేత్త యశ్వంత్ వాడ్‌తో కలిసి ఆయన రూపొందించినదే ఇండోర్ పద్ధతి. 1931లో ఇద్దరి పేరుతో దాని మీద పుస్తకం వెలువడింది.

ఆ పద్ధతిలో రైతు తెలివితేటలు అడుగడుగునా కనిపిస్తాయి. గట్టి పత్తి కట్టెను ముక్కలు చేయడానికి యంత్రం పెట్టలేదు. పొలం బాటల మీద పరిచారు. బండ్ల చక్రాల కింద పడి అదే నలిగేది. పశువుల కొట్టంలో నేలను మట్టితోనే ఉంచి, మూత్రం పీల్చుకున్న ఆ మట్టిని మూడు నాలుగు నెలలకోసారి తవ్వి తీసి కుప్పలో వాడారు. గుంటలు 30 అడుగుల పొడవు, 14 అడుగుల వెడల్పు, రెండు మూడు అడుగుల లోతు ఉండేవి. చెత్త, పేడ, మూత్రం ఇంకిన మట్టి, కొంచెం కట్టె బూడిద పొరలు పొరలుగా వేసి, తొక్కకుండా, గుల్లగా ఉంచి తడిపేవారు. వర్షాకాలంలో గుంటల్లో నీళ్లు నిలిచి గాలి ఆడదు కాబట్టి నేల మీదే కుప్ప పోసేవారు.

కుప్ప వేసిన కొద్ది రోజులకే లోపలి వేడి సుమారు 65 డిగ్రీల సెల్సియస్‌కు చేరేది. రెండు మూడు వారాలకు ఒకసారి, అయిదో వారం దగ్గర మరోసారి తిప్పేవారు. తర్వాత వేడి మెల్లగా తగ్గుతూ మూడు నెలలకు ఎరువు సిద్ధమయ్యేది. తిప్పేటప్పుడు బయట ఉన్న భాగం లోపలికి, లోపలిది బయటకు రావాలి. కూలీ ఖర్చు ఎక్కువని మనవాళ్లు మొదట మానేసేది ఈ పనినే. కానీ వ్యాధి నివారణ దృష్టితో చూస్తే పద్ధతికి ప్రాణం ఇదే. కుప్ప నడుమ 60 డిగ్రీలున్నా, పైన జానెడు మందంలో బయటి గాలి వేడే ఉంటుంది. ఆ జానెడులో సాల్మొనెల్లా, కాక్సీడియా గుడ్లు, ఈగ పిల్లలు హాయిగా బతుకుతాయి. తిప్పని కుప్పలో మధ్యభాగం శుద్ధి అవుతుంది, తొక్కు అలాగే ఉంటుంది.

కొంతకాలానికి, 1939లో, సి.ఎన్. ఆచార్య బెంగళూరు పద్ధతిని రూపొందించారు. దానిలో గుంటను మట్టితో మూసేస్తారు, తిప్పే పని ఉండదు. ఊరి చెత్తకు అది తేలిక. అయితే మొదటి కొద్ది రోజుల తర్వాత గాలి అందక వేడి నిలవదు. జబ్బు భయం ఉన్న కోళ్ల లిట్టర్‌కు తిప్పే పద్ధతే మేలు.

మన లిట్టర్‌కు మార్చుకోవాల్సినవి

హోవార్డ్ పనంతా పశువుల కొట్టం చుట్టూ తిరిగింది. కోళ్ల రెట్ట పేడలాంటిది కాదు. అందుకే కొన్ని మార్పులు తప్పవు.

మొదటిది గడ్డి పాలు. కుప్ప బాగా వేడెక్కాలంటే కర్బనం, నత్రజని నిష్పత్తి 25 నుంచి 30 వరకు ఉండాలి. ఊక కలిసిన బ్రాయిలర్ లిట్టర్‌లో అది 10 నుంచి 15 మధ్యే ఉంటుంది. కేజీ లేయర్ల రెట్టలో ఇంకా తక్కువ. వరిగడ్డిలో 60 పైనే. కాబట్టి బ్రాయిలర్ లిట్టర్‌కు బరువులో దాదాపు అంతే వరిగడ్డి, మొక్కజొన్న చొప్ప, చెరకు ఆకు వంటివి ముక్కలు చేసి కలపాలి. లేయర్ రెట్టకు దానికి రెట్టింపు పడుతుంది. బరువులో సమానమంటే పరిమాణంలో గడ్డి చాలా ఎక్కువగా కనిపిస్తుంది, అంత అవసరమా అనిపిస్తుంది. అవసరమే. ఊక కూడా కర్బనమే కదా అని కొందరు అడుగుతారు. ఊక చాలా నెమ్మదిగా చివుకుతుంది, దాన్ని లెక్కలో నమ్ముకోలేం. కుప్ప దగ్గర కళ్లు మండేలా అమ్మోనియా వాసన వస్తే గడ్డి చాలలేదని అర్థం. ఆ వాసనతో పాటు మనం కొనుక్కోవాల్సిన నత్రజనే గాలిలో కలుస్తోంది.

రెండోది బూడిద. ఇండోర్‌లో పులుపు తగ్గించడానికి కట్టె బూడిద వాడారు. కోళ్ల లిట్టర్‌లో పులుపు సమస్య లేదు, అది ముందే క్షార గుణంతో ఉంటుంది. బూడిద గానీ సున్నం గానీ వేస్తే అమ్మోనియా ఇంకా ఎక్కువగా ఎగిరిపోతుంది. షెడ్డులో సున్నం చల్లి ఉంటే ఆ లిట్టర్‌కు గడ్డి మరికొంత పెంచాలి.

మూడోది తేమ. షెడ్డు నుంచి వచ్చే లిట్టర్ పొడిగా ఉంటుంది. పొడి కుప్ప వేడెక్కదు. కలిపేటప్పుడే నీళ్లు చల్లుతూ పోవాలి. గుప్పెడు తీసి గట్టిగా పిండితే చెయ్యి తడవాలి, ఒకటి రెండు చుక్కల కన్నా ఎక్కువ కారకూడదు. నీళ్లు ఎక్కువైతే కుళ్లు వాసన వస్తుంది, వేడి పడిపోతుంది.

కుప్ప నాలుగైదు అడుగుల ఎత్తు, అయిదారు అడుగుల వెడల్పు ఉంటే వేడి నిలుస్తుంది. పొడవు ఎంతైనా పరవాలేదు. మరీ చిన్న కుప్ప వేడిని పట్టుకోలేదు. షెడ్డుకు, బావికి, బోరుకు దూరంగా, వాన నీరు పారని మెరక మీద వేయాలి. వర్షం పడేటప్పుడు టార్పాలిన్ కప్పి, వాన వెలిశాక తీసేయాలి.

వేడి ఎంత, ఎన్ని రోజులు అన్నదే అసలు లెక్క. కనీసం 55 డిగ్రీలు దాటాలి. అమెరికాలో సేంద్రియ సాగు నియమాల ప్రకారం, నేల మీద పొడవుగా పోసిన కుప్పలో ఈ వేడి 15 రోజులు ఉండాలి, ఆ 15 రోజుల్లో కనీసం అయిదు సార్లు తిప్పాలి. హోవార్డ్ రెండు సార్లతో సరిపెట్టారు, ఎందుకంటే ఆయన చూసుకున్నది భూసారం. మనం చూసుకుంటున్నది వ్యాధి. గంబోరో వైరస్ 56 డిగ్రీల వేడిని కూడా గంటల తరబడి తట్టుకునేంత మొండిది. అందుకని ఒక్కరోజు వేడెక్కితే చాలదు. పొడుగు కాడ ఉన్న థర్మామీటర్ దొరికితే మంచిది. లేకపోతే ఇనుప చువ్వను కుప్ప నడిమధ్యకు గుచ్చి పది నిమిషాలు ఉంచి తీయండి. చేత్తో పట్టుకోలేనంత కాలితే వేడి సరిపోయినట్టు. గోరువెచ్చగా ఉంటే తేమ చూసి, తిప్పి, మళ్లీ వేడెక్కేలా చేయాలి. 70 దాటితే మేలు చేసే సూక్ష్మజీవులు కూడా చస్తాయి, అప్పుడూ తిప్పాలి. తిప్పినా మళ్లీ వేడెక్కకపోతే, తేమ సరిగ్గా ఉంటే, చివకడం పూర్తయినట్టే. మరో నెల మాగనిస్తే మట్టి వాసనతో నల్లటి ఎరువు వస్తుంది.

చచ్చిన కోళ్లను ఈ కుప్పలో పడేయకూడదు. కుళ్లిన కళేబరాల్లో బొటులిజం వ్యాధి కలిగించే విషాన్ని పుట్టించే బ్యాక్టీరియా పెరుగుతుంది. దాని బీజాలు 60, 65 డిగ్రీలకు చావవు. అలాంటి లిట్టర్ చల్లిన గడ్డి మేసిన పశువులు కాళ్లు పడిపోయి చనిపోయిన సందర్భాలు చాలా దేశాల్లో ఉన్నాయి. లిట్టర్ ఎత్తే ముందు షెడ్డంతా తిరిగి మిగిలిన కళేబరాలు ఏరి, లోతైన గుంటలో విడిగా పూడ్చాలి. పశువులకు లిట్టర్‌ను దాణాగా పెట్టడం కూడా మానాలి.

చివరి ఏళ్లు

1930లో గాబ్రియెల్ మరణించారు. మరుసటి ఏడాది హోవార్డ్ ఉద్యోగ విరమణ చేసి ఇంగ్లండు వెళ్లిపోయారు. గాబ్రియెల్ చెల్లెలు లూయిస్‌ను పెళ్లాడారు. 1934లో ఆయనకు సర్ బిరుదు వచ్చింది. 1940లో వచ్చిన ఆయన పుస్తకం ప్రపంచమంతటా సేంద్రియ వ్యవసాయ ఉద్యమానికి మూలాధారమైంది. అమెరికాలో జె.ఐ. రోడేల్ 1942లో మొదలుపెట్టిన సేంద్రియ సాగు పత్రికకు ఆయన సహ సంపాదకులుగా ఉన్నారు. ఆ ఏళ్లలో ఆయన మాట బాగా కటువైంది. రసాయన ఎరువులను, తనతో విభేదించిన శాస్త్రవేత్తలను తీవ్రంగా విమర్శించారు. వాదన పెరిగినచోట కొలత తగ్గిందని నా అభిప్రాయం. ఇండోర్‌లోని హోవార్డ్ రైతుకు ఎక్కువ పనికొస్తారు. 1947 అక్టోబర్ 20న ఆయన కన్నుమూశారు.

బర్డ్ ఫ్లూ అనుమానం ఉంటే

2025 ఫిబ్రవరిలో తూర్పు, పశ్చిమ గోదావరి జిల్లాల్లో బర్డ్ ఫ్లూ నిర్ధారణ అయినప్పుడు లిట్టర్ ఏం చేయాలని చాలామంది రైతులు కంగారుపడ్డారు. కోళ్లు ఒక్కసారిగా ఎక్కువ సంఖ్యలో చనిపోతుంటే పైన చెప్పిన కంపోస్టు పని మొదలుపెట్టకూడదు. లిట్టర్ కదపకూడదు, అమ్మకూడదు, చేలో చల్లకూడదు. వెంటనే పశువైద్యాధికారికి తెలపాలి. వ్యాధి నిర్ధారణ అయితే కోళ్లతో పాటు గుడ్లు, దాణా, లిట్టర్ అన్నింటినీ ఏం చేయాలో పశుసంవర్ధక శాఖ సిబ్బందే నిర్ణయించి, దగ్గరుండి చేయిస్తారు.

మామూలు రోజుల్లో అయినా పచ్చి లిట్టర్ ఎత్తే పార, తట్ట వేరు, తయారైన ఎరువుకు వాడేవి వేరుగా పెట్టుకోండి. ఒకే పారతో రెండూ ఎత్తితే శుద్ధి అయిన ఎరువులోకి పచ్చి లిట్టర్ క్రిములు మళ్లీ చేరతాయి. కుప్ప తిప్పిన రోజు ఆ చెప్పులతో, ఆ బట్టలతో షెడ్డులోకి వెళ్లకండి. ముందు కోళ్ల పని పూర్తి చేసుకుని, ఆ తర్వాతే కుప్ప దగ్గరికి వెళ్లండి.